నాలుగో పెట్టెలో శబ్దం బయటికి పోని హెడ్‌ఫోన్

నిడదవోలు నుంచి పొద్దున్న ఏడూ నలభైకి రాజమండ్రి వెళ్లే పాసింజరు బండిలో, ఇంజను నుంచి నాలుగో పెట్టెలో కూర్చునే సీజన్ టికెట్టుదారుల మధ్య దాపరికాలు ఉండవు. ఇది వారి సంఘం నియమావళిలో మొదటి వాక్యం. రెండోది దినపత్రికకు సంబంధించినది. పత్రిక ఎవరు కొన్నా దాన్ని విడదీసి మనిషికో కాగితం పంచాలి. కొన్నవారు మర్యాదగా ఆఖర్న చదువుకోవాలి. పదకొండేళ్లుగా కొంటున్నది జోగేశ్వరరావు గారు. పదకొండేళ్లుగా ఆయనకు రాజమండ్రి ప్లాట్‌ఫారం మీద దక్కుతున్నది టెండరు ప్రకటనల కాగితం.

రెండువేల ఒకటో సంవత్సరంలో ఆయన బీపీ నూట డెబ్భై బై నూట పది చూపించింది. రాజమండ్రి డాక్టరు గారు పట్టీ విప్పుతూ, మాత్రలతో పాటు ఇంకోటి కూడా చెప్పారు. "రోజుకు ఓ నలభై నిమిషాలు ఎవరి మాటా వినకుండా ఉండండి. ఇలాగే ఉంటే మంచాన పడతారండి."

జోగేశ్వరరావు గారు దీర్ఘంగా ఆలోచించారు. ఇంట్లో కుదరదు, ఎందుకంటే అది ఇల్లు. ఆఫీసులో కుదరదు, ఆయన కూర్చునే గదిలో పన్నెండు టైపు మిషన్లున్నాయి. రైలు ప్రయాణం సరిగ్గా నలభై నిమిషాలు. మర్నాడు ఆ సంగతి పెట్టెలో నోరుజారి చెప్పారు. కొవ్వూరు వచ్చేలోగా తోటివాళ్లు బీపీకి పదకొండు వైద్యాలు చెప్పారు. అందులో రెండు ఉప్పు బొత్తిగా మానేయమన్నవి, ఒకటి ఉప్పునీళ్లు తాగమన్నది.

ఆయన ఓ వాక్‌మన్, చెవులు మూసే హెడ్‌ఫోన్ కొన్నారు. మొదటి రోజు ఊరికే తగిలించుకుని కళ్లు మూసుకున్నారు. ఎదురు సీటులో కూర్చునే నాగరత్నం గారు హైస్కూలు టీచరు, కాపీ కొట్టేవాళ్లను పట్టడంలో ఇరవై ఏళ్ల అనుభవం ఉంది. ఆవిడ ముందుకు వంగి, హెడ్‌ఫోన్ ఒకపక్క ఎత్తి చెప్పారు.

"క్యాసెట్టు తిరగట్లేదండి. సర్లెండి, మీ బావమరిది ఆ కొబ్బరితోట అమ్మేశాడటగా?"

రెండో రోజు ఖాళీ క్యాసెట్టు వేశారు. చక్రాలు తిరిగాయి గానీ, చిన్న చప్పుడైనా బయటికి రాకపోయేసరికి యంత్రం పాడైందని అందరూ జాలిపడి కబుర్లు కొనసాగించారు. మూడో రోజు పాటలు పెట్టారు. హెడ్‌ఫోన్ వెనకనున్న చిల్లుల్లోంచి పాట దోమల రొదలాగా బయటికొచ్చింది. వెంటనే పెట్టెలో సగంమంది సౌండు పెంచమన్నారు, మిగతా సగం రెండోవైపు వేయమన్నారు. ఒకాయన జోగేశ్వరరావు గారి మోకాలి మీదే తాళం వేశాడు.

సమస్య ఇప్పుడు స్పష్టమైంది. మనిషికి నిశ్శబ్దం కావాలంటే ముందు అతని చెవిలో మోత ఉందని లోకం నమ్మాలి. ఆ మోత లోకానికి వినబడకూడదు.

రాజమండ్రిలో రేడియోలు బాగుచేసే బుల్లబ్బాయి ఈ పనికి పూనుకున్నాడు. ముందు చిల్లులన్నీ మైనంతో మూసేశాడు. పాట కుండలోంచి పాడినట్టయింది, చెవులు ఉడికిపోయాయి. చిల్లుల మీద గుడ్డ అంటించాడు. దోమ పోయి ఈగ వచ్చింది. మూడోసారి, పది రోజులు తీసుకుని, పాత చిల్లులు మూసి, అంచు దగ్గర గోరంత వెడల్పున ఏటవాలుగా సందు కోశాడు.

"లోపలి రేకు ముందుకి తోసినప్పుడు వెనక గాలి లాగుద్దండి. మెత్త పక్కనించి కారే శబ్దం, ఈ సందులోంచొచ్చే శబ్దం ఒక గుమ్మం దగ్గరే కలిపేశాను. ఇదటు తోస్తే అదిటు లాగుద్ది. రెండూ కొట్టుకుని చస్తాయి. బయటికొచ్చేది గాలేనండి."

ఇంతటి ఆవిష్కారాన్ని ఆధారం లేకుండా వాడటం భావ్యం కాదు కాబట్టి, నాలుగో పెట్టెలో బహిరంగ పరీక్ష జరిగింది. వాక్‌మన్ పూర్తి సౌండులో పెట్టారు. సంఘాధ్యక్షులు జగన్నాథరావు గారు జోగేశ్వరరావు గారి చెవికి తమ చెవి ఆనించి, రైలు తప్ప ఏమీ వినబడలేదని ప్రకటించారు. నాగరత్నం గారు ధ్రువపత్రం రాశారు. ఎనిమిదిమంది సంతకాలు పెట్టారు.

మర్నాడు జోగేశ్వరరావు గారు ఖాళీ క్యాసెట్టు వేసుకుని కళ్లు మూసుకున్నారు. చక్రాలు తిరుగుతున్నాయి. బయటికి చప్పుడు రావడం లేదు. రాకూడదని ధ్రువపత్రం ఉంది. ఆయన్ని ఎవరూ పలకరించలేదు. మూడు వారాలకు బీపీ నూట ముప్ఫై నాలుగుకు దిగింది.

నాలుగో వారంలో ఆయన చిరునవ్వు నవ్వుతున్నట్టు నాగరత్నం గారు గమనించారు. యాభై రెండేళ్ల మనిషి, టైపిస్టు, పొద్దున్నే దేనికి నవ్వుతాడు? షేర్ల చిట్కాలని ఒకరన్నారు. ఆడగొంతు అని ఇంకొకరన్నారు. ఆ ఆడమనిషి ఊరు తణుకు అని రెండు రోజుల్లో తేలింది. చివరికి జగన్నాథరావు గారు సీట్ల మధ్య లేచి నిలబడి, పై కడ్డీ పట్టుకుని ప్రసంగించారు.

"పెద్దలారా! వినడం తప్పు కాదు. కానీ ఒక్కరే వినడం మన సంప్రదాయమా? మనం ఇంట్లో కూర ఏం వండుకున్నామో కూడా ఈ పెట్టెకి చెప్పుకుని బతుకుతున్నాం. అలాంటిచోట ఒక సభ్యుడు ఆనందం పొందుతూ, దానికి కారణం చెప్పకపోవడం సంఘానికే అవమానం కాదా? కాబట్టి జోగేశ్వరరావు గారూ, అది ఇలా ఇవ్వండి."

జోగేశ్వరరావు గారు ఇచ్చేశారు. బండి అప్పుడే గోదావరి వంతెన ఎక్కింది. జగన్నాథరావు గారు హెడ్‌ఫోన్ తగిలించుకుని కనుబొమలు ముడిచారు. వంతెన గోలంతా ఎక్కడో దూరాన ఎవరో బియ్యం చెరుగుతున్నట్టు వినిపించింది. అంతకు మించి ఏమీ లేదు. ఆయన కనుబొమలు విడిపోయాయి. కళ్లు మూతలు పడ్డాయి. గోదావరిలో చిల్లర వేయడానికి కిటికీ బయటికి చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. నాగరత్నం గారు రెండుసార్లు పిలిచి, ఇక లాభం లేదని ఊడబెరికారు.

"ఏముందండీ అందులో?"

"ఏమీ లేదండి," అన్నారాయన గొంతు తగ్గించి. "ఒక్క ముక్క లేదు."

ఆవిడ పెట్టుకున్నారు. ఆవిడ కళ్లూ మూతలు పడ్డాయి. రాజమండ్రి వచ్చేలోగా ఆరుగురు విన్నారు, ప్రతివాడి నెత్తి మీంచీ పక్కవాడు లాక్కోవలసి వచ్చింది. ఇంత విలువైన వస్తువును ఇన్నాళ్లు దాచిపెట్టినందుకు జోగేశ్వరరావు గారిని సంఘం పెద్ద మనసుతో క్షమించింది. సాయంత్రానికి తీర్మానం తయారైంది. పెట్టెలో ఇరవై నలుగురు సభ్యులు, రోజుకొకరు, వంతులవారీగా వినాలి. కొన్నవారు మర్యాదగా ఆఖర్న వినాలి.

జోగేశ్వరరావు గారు బుల్లబ్బాయి చేత ఇంకోటి చేయించుకున్నారు. సంఘం అభినందించి, ఇకపై రోజుకు ఇద్దరు వినవచ్చని తీర్మానం సవరించింది. వింటున్న ఇద్దరికీ ఏమీ వినబడదు గనక, వాళ్లిద్దరి సంగతులూ ఆ నలభై నిమిషాలూ చర్చకు వచ్చేవి. అభిప్రాయం చెప్పమని అందరూ జోగేశ్వరరావు గారినే అడిగేవారు.

బీపీ నూట ఎనభై దాటింది. డాక్టరు గారు జరిగినదంతా విని, లేచి గది తలుపు వేసి వచ్చి కూర్చున్నారు.

"ఆ వంతుల్లో బుధవారం ఏదైనా ఖాళీ ఉందాండి? నాకటు పనేం లేదు. అయినా నిడదవోలు వచ్చి ఎక్కుతాను."

జోగేశ్వరరావు గారికి అన్యాయం జరిగిందని తమకు అనిపించిందంటే సంతోషం. ఈ కథ చదవడం అయిపోయింది కదా, ఆ పత్రిక కాగితం ఇటిచ్చేయండి. పత్రిక కొన్నాయన ఇందాకట్నుంచీ పక్కనే కూర్చుని ఎదురుచూస్తున్నారు.