కారు ముక్కు మీద బొట్టు

మన దేశపు పాతకాలం కార్లు పోయాయని ఎవరైనా కన్నీళ్ళు పెట్టుకుంటే వాళ్ళకు ఆమడ దూరంలో ఉండండి. పీడ విరగడైంది! మనవాళ్ళు మనకోసం తయారుచేసిన మయూర కారు ఫ్యాక్టరీకి తాళం పడటం ఈ జాతికి జరిగిన మహోపకారాల్లో ఒకటి.

అసలు ఏముందండీ ఆ మయూరలో? గుండ్రటి వీపు, జలుబు చేసిన గొంతులాంటి హారను. స్క్రూడ్రైవరు ఉన్న ప్రతివాడూ దాని పొట్టలో చెయ్యి పెట్టేవాడు. రేపల్లెలో చెడితే రేపల్లెలోనే బాగయ్యేది. మళ్ళీ చెరుకుపల్లిలో చెడితే అక్కడా బాగయ్యేది. ఎక్కడ పడితే అక్కడ బాగైపోయే వస్తువుకు గౌరవం ఎలా వస్తుంది? బానెట్ మీద వడియాలు ఎండబెట్టుకున్నాం. తొమ్మిదిమంది ఎక్కి పదోవాడి కోసం సర్దుకు కూర్చున్నాం. తలుచుకుంటేనే సిగ్గుగా ఉంది.

ఇప్పుడు మన అభిరుచి ఎంత ఎత్తుకు ఎదిగిందో చూడండి! ఎక్కడానికి ఒక మెట్టు, దిగడానికి ఒక మనిషి సాయం కావలసివస్తేనే దాన్ని కారంటున్నాం. బాపట్లలో ఒక లెక్చరరుగారు రైతుబజారుకు వెళ్ళిరావడానికి మంచుకో మీట, ఇసుకకో మీట, రాళ్ళకో మీట ఉన్న కారు కొన్నారు. బాపట్లలో మంచు ఎప్పుడు కురుస్తుందో తెలియదు గాని, కురిసిన రోజున వంకాయలు తెచ్చుకోగలిగేది ఆయనొక్కరే. ఇక సన్‌రూఫ్! మే నెల ఎండలో నడినెత్తిన కిటికీ ఉండాలని పట్టుబట్టి కొనుక్కుని, లోపలినుంచి దానికి తువ్వాలు కట్టుకుంటున్నాం.

ఈ వైభవం చూసి తెనాలిలో అందరికంటే ఎక్కువ మురిసినవాడు పురోహితుడు దక్షిణామూర్తి. పెళ్ళిళ్ళకు ముహూర్తాలు ఉండాలి, గృహప్రవేశాలకు ఇళ్ళు ఉండాలి. కొత్త కారు పూజకు ఏమీ అక్కర్లేదు. ఆషాఢంలో శుభకార్యాలు ఉండవు గాని డిస్కౌంట్లు ఉంటాయి కదా! ఆయన సంసారం ఇప్పుడు నడుస్తున్నదే ఆ పూజల మీద. హస్తవాసి కూడా అలాంటిదే. అరచేతి వెడల్పున పసుపు ముద్ద మెత్తి, మధ్యలో కుంకుమ అద్ది, కారు ముక్కు మీద బొట్టు పెట్టాడంటే బండికి పెళ్ళికళ వచ్చేస్తుందని నందివెలుగు దాకా పేరు.

ఆ నందివెలుగు నుంచే శంకరరావు వచ్చాడు. కొడుకు గోపీకృష్ణ పెళ్ళి రేపల్లెలో. ముహూర్తం పెట్టింది దక్షిణామూర్తే, ఉదయం పది గంటల నలభై ఎనిమిది నిమిషాలకు. పెళ్ళికొడుకు దిగడానికని శంకరరావు ముందురోజే కొత్త కారు తెచ్చాడు. కంపెనీ పేరు నోరు తిరగనిది, కాబట్టి మంచిదే అయ్యుంటుంది. దక్షిణామూర్తి పొద్దున్నే పూజ చేసి, సరిగ్గా కంపెనీ గుర్తు మీద తన ప్రఖ్యాత బొట్టు పెట్టాడు. శంకరరావు స్టీరింగు పట్టాడు. పెళ్ళికొడుకూ, పంతులుగారూ వెనక కూర్చున్నారు. ఎనిమిదిన్నరకల్లా బయలుదేరారు.

వేమూరు దాటగానే కారు కీచుమని అరిచి తనంతట తానే ఆగిపోయింది. ఎదుట తెర మీద ఎర్రటి అక్షరాలు, ముందు అడ్డం ఉంది జాగ్రత్త అని. ముగ్గురూ తొంగిచూశారు. కనుచూపు మేర ఖాళీ రోడ్డు. పొలం గట్టున ఒక కొంగ మాత్రం ఉంది.

"మనకి కనపడనిదేదో దానికి కనపడిందండీ!" అన్నాడు శంకరరావు గర్వంగా.

నిజమే కదా! మయూర కారుకు ఎదురుగా గేదె నిలబడ్డా కనిపించేది కాదు. ఈ కారు లేని గేదెను కూడా చూస్తోంది. ఇంతకంటే ప్రగతి ఏం కావాలి?

వంద గజాలు పోయాక మళ్ళీ కీచుమంది. మళ్ళీ వంద గజాలకు ఇంకోసారి. వెనక బస్సువాడు హారను మీదనుంచి చెయ్యి తీయడం మానేశాడు. భట్టిప్రోలు చేరేసరికి తొమ్మిది యాభై అయింది. శంకరరావు గర్వం అప్పటికే దిగిపోయింది.

"ఆటో ఎక్కుదాం నాన్నా," అన్నాడు గోపీకృష్ణ ఏడుపు గొంతుతో.

"వియ్యాలవారి ఎదురుగా ఆటో దిగుతావట్రా! ఇంతెత్తు కారు కొన్నది దేనికి?" అని శంకరరావు షోరూముకు ఫోన్ చేశాడు. కారు అమ్మిన అమ్మాయి బ్లెస్సీ పలికింది. అతను ఫోను స్పీకరులో పెట్టాడు.

"కంపెనీ గుర్తు వెనకాలే కారు కళ్ళు ఉంటాయి సార్. అక్కడేమైనా అంటుకుందేమో చూడండి."

శంకరరావుకు కోపం వచ్చింది.

"అంటుకోవడమేంటమ్మా! అది పంతులుగారు పెట్టిన బొట్టు."

"అయితే దానికి కళ్ళు మూసేసినట్టే సార్. తుడిచెయ్యండి."

"పెళ్ళికి పోతూ బొట్టు తుడుచుకుంటారా ఎవరైనా? నా చేత్తో నేను తుడవను. పంతులుగారూ, మీరేమంటారు?"

పంతులుగారు ఏమంటారు? తుడవకపోతే తాను పెట్టిన ముహూర్తం తన కళ్ళముందే దాటిపోతుంది. తుడిస్తే దక్షిణామూర్తి బొట్టు పెడితే కార్లు ఆగిపోతాయని సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోతుంది. ఆ తరవాత ఒక్క కొత్త కారైనా ఆయన గడప తొక్కుతుందా? ఆయనకు నిజంగా భయం వేసింది. పక్కన చూస్తే పెళ్ళికొడుకు బాసికం సర్దుకుంటూ కళ్ళు తుడుచుకుంటున్నాడు. గడియారం పది దాటింది.

ఆయన తలుపు తెరిచి, మెట్టు మీద కాలుపెట్టి జాగ్రత్తగా దిగాడు. మంచినీళ్ళ సీసా అడిగి తీసుకుని కారు ముందు నిలబడ్డాడు. రోడ్డు మీద ఆగిన బస్సూ, రెండు ట్రాక్టర్లూ, సైకిళ్ళవాళ్ళూ చూస్తుండగా, వినాయక చవితి మర్నాడు విగ్రహానికి చెప్పినట్టు, ఆ బొట్టుకు ఉద్వాసన చెప్పాడు. యథాస్థానం ప్రవేశయామి అంటూ నీళ్ళు చల్లి, శోభనార్థం పునరాగమనాయ చ అంటూ తన పట్టు ఉత్తరీయంతో శుభ్రంగా ఒత్తి తీసేశాడు. బస్సులో ఒక ముసలమ్మ లేచి దణ్ణం పెట్టింది.

"తుడవలేదండీ శంకరరావుగారూ," అన్నాడు వచ్చి కూర్చుంటూ. "మర్యాదగా సాగనంపాను. ఇక పోనివ్వండి!"

కారు పోయింది! ఎక్కడా కిక్కురుమనలేదు. పది ముప్పై తొమ్మిదికి రేపల్లె కల్యాణమండపం ముందు గోపీకృష్ణ మెట్టు మీదనుంచి రాజాలా దిగాడు. జీలకర్ర బెల్లం వేళకు పడ్డాయి. పంతులుగారి సమయస్ఫూర్తిని విడిదింట్లో అందరూ మెచ్చుకున్నారు.

ఆయన మాత్రం భోజనం సహించక, పక్కకు వెళ్ళి, శంకరరావు దగ్గర నంబరు తీసుకుని బ్లెస్సీకి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, ఆ కారుకి బొట్టు ఎక్కడ పెట్టాలో కాస్త చెప్పమ్మా."

"నాకు తెలీదండీ బాబాయ్‌గారూ. ఇక్కడెవరికీ తెలీదు. కంపెనీకి మెయిల్ పెడతాను."

మెయిల్ గుంటూరు వెళ్ళింది, చెన్నై వెళ్ళింది, సముద్రాలు దాటింది. నిపుణులు కూర్చున్నారు. ఇరవైనాలుగో రోజున జవాబు వచ్చింది. కారు బయటి భాగాల్లో బొట్టుకు ఎక్కడా అనుమతి లేదు, అంతగా అవసరమైతే యజమాని నుదుటన పెట్టుకోవచ్చు!

చూశారా వాళ్ళ విశాల హృదయం? మన నుదుటి మీద మనకు అనుమతి ఇచ్చారు! ఇప్పుడు తెనాలిలో కొత్త కారు పూజలన్నీ అలాగే జరుగుతున్నాయి. కారు తళతళలాడుతూ నిలబడుతుంది. దాని పక్కన యజమాని అరచేతి వెడల్పు బొట్టుతో నిలబడతాడు. దక్షిణామూర్తి ఆయన చుట్టూ హారతి తిప్పుతాడు.

మొన్న ఒకరోజు అలాంటి పూజ చూసి శంకరరావుకు మనసు చివుక్కుమంది.

"ఏంటండీ ఈ ఖర్మ! అదే మనవాళ్ళు చేసిన బండైతే బొట్టుకింత చోటు వదిలేవాళ్ళు కాదూ?"

"వదిలారండీ. అరవై ఏళ్ళు చేశారు," అన్నాడు దక్షిణామూర్తి హారతి పళ్ళెం దించుతూ. "ఆఖర్న కొనేవాళ్ళు లేక మూసుకున్నారు. అప్పుడు మీరెందుకు కొనలేదు?"

శంకరరావుకు ఆ ప్రశ్న వినపడలేదు. సందు మొదట్లో ఇంకా ఎత్తయిన కారొకటి వచ్చి ఆగింది. దానికి ఎన్ని మెట్లో కనుక్కుందామని అతను అప్పటికే అటు పరిగెత్తాడు.