మడుగు మర్యాద

ఒక పెద్ద అడవిలో, మిట్టమధ్యాహ్నం, అందరూ మడుగులో నీళ్ళు తాగుతుండగా ఒక కుందేలు పిల్ల మాయమైంది. మీరు అక్కడే ఉన్నారు. ఏం చూశారు? నీళ్ళు నమలకుండా చెప్పండి.

చుక్కి అనే దుప్పి మాత్రం చూసింది. చూడడమే దాని నేరం.

ఆ అడవిలో మడుగు మర్యాద అని ఒక ఆచారం ఉంది. నీళ్ళు తాగేటప్పుడు కళ్ళు మూసుకోవాలి. పక్కవాడు తాగుతుంటే చూడడం సిగ్గుమాలినతనం. పాలు మరిచిన పిల్లకు తల్లి మొదట నేర్పేది అదే. ఎవరు పెట్టారీ ఆచారం అని అడిగితే "పెద్దలు" అనేవారు. ఆ పెద్దల్లో ఒకాయన ఇంకా మడుగులోనే ఉన్నాడు. మర్యాద సంఘం అధ్యక్షుడు, మొసలి.

చుక్కి కూడా బుద్ధిమంతురాలే. పోయిన ఎండాకాలం తొలిచూలు పిల్ల మడుగు దగ్గరే పోయింది. "కళ్ళు తెరిచి తాగి ఉంటుంది, మడుగమ్మకు కోపం వచ్చింది" అన్నారు. నమ్మి ఏడ్చింది. ఇప్పుడు పక్కన రెండో పిల్ల. భయం ఆగక ఒక కన్ను తెరిచింది. మొసలి నోట్లో కుందేలు పిల్ల చెవులు కనిపించాయి. కెవ్వున అరిచింది.

సాయంత్రం మడుగు ఒడ్డున సంఘం కూడింది. కుందేలు పిల్ల గురించి కాదు, చుక్కి కన్ను గురించి. తప్పు తేలితే మడుగు నుంచి వెలి. మండుటెండల్లో వెలి అంటే పిల్ల గొంతు ఎండిపోవడమే.

"చూశానంటున్నావు. అంటే కన్ను తెరిచావన్నమాట," అన్నాడు కార్యదర్శి నక్క.

"తెరవకపోతే ఎలా కనిపిస్తుందయ్యా?"

"విన్నారుగా! ఒప్పుకుంది."

మొసలి నీళ్ళలోంచే తల ఎత్తి కళ్ళు తుడుచుకున్నాడు. "నేనూ పిల్లలు గలవాణ్ణే చుక్కమ్మా. నాకు బాధ లేదా? కానీ ఆచారం తప్పితే అడవి ఏమైపోవాలి?"

"ఏనుగు తాతా, నువ్వు నా పక్కనే ఉన్నావుగా! చెప్పు!"

ఏనుగు తొండంతో చెవి గోక్కున్నాడు. "నేను కళ్ళు మూసుకున్నానమ్మా. వంశ మర్యాద."

కుందేలు తల్లి కూడా తల దించుకుంది. "నేనేమీ చూడలేదు తల్లీ. నాకింకా నలుగురు పిల్లలున్నారు."

నక్కకు అక్కడితో ఆగాలనిపించలేదు. ఇలాంటి కళ్ళు ఇంకెన్ని ఉన్నాయో ఏరిపారేద్దామనుకున్నాడు. "కళ్ళు తెరిచినవాళ్ళను పట్టిచ్చినవారికి మడుగులో నీడ వైపు చోటు!" అని చాటాడు.

అంతే!

"పంది మామ రోజూ తెరుస్తాడు!" అంది కోతి.

"ఓసి నీ మొహం మండా! వేళ్ళ సందులోంచి చూసేది నువ్వు కాదటే!" అన్నాడు పంది.

"ఏనుగు తాత ఎడమ కన్ను ఎప్పుడూ మూయడు," అంది నెమలి.

"నువ్వు నీళ్ళలో నీ సోకు చూసుకోవడం నాకు తెలీదనుకున్నావా?" అన్నాడు ఏనుగు.

గోల సద్దుమణిగేసరికి, అడవిలో కళ్ళు మూసుకునే బుద్ధిమంతుడు ఒక్కడూ లేడని తేలింది.

చుక్కి నెమ్మదిగా అడిగింది. "అయితే మా పెద్దదాన్ని లాక్కెళ్ళినప్పుడు కూడా అందరూ చూశారా?"

కోతికి హఠాత్తుగా పేలు గుర్తొచ్చాయి.

చుక్కి పిల్లను మూతితో తోసుకుంటూ కొండ మీది ఊట వైపు నడిచింది. దూరం, రాళ్ళదారి, పిల్లతో అయితే మరీ కష్టం. కుందేలు తల్లి కాసేపు నిలబడి, నలుగురినీ వెంటేసుకుని దాని వెనకే వెళ్ళింది.

"వెలి వెయ్యకముందే వెళ్ళిపోయింది. పొగరు చూశారా!" అంది నెమలి.

నక్కకు అప్పుడు తెలిసొచ్చింది. తన పథకమే ఆచారాన్ని బజారుకీడ్చింది. పోయిన పరువు నిలబెట్టాలని నీటి అంచుకు వెళ్ళాడు. అందరికీ కనబడేలా వంగి, రెండు కళ్ళూ నిజంగానే గట్టిగా మూసుకుని, నీళ్ళలో మూతి పెట్టాడు.

మధ్యాహ్నం తిన్న కుందేలు పిల్ల మొసలికి ఏ మూలకూ చాలలేదు.

నీళ్ళు ఒక్కసారి ఎగిసి, ఊరుకున్నాయి.

"కార్యదర్శి గారేరీ?" అన్నాడు పంది.

"నేనేమీ చూడలేదు," అన్నాడు ఏనుగు.

"నేనూ అంతే," అన్నారు మిగతావాళ్ళంతా. మర్యాద మళ్ళీ నిలబడింది.

నీతి: కళ్ళు మూసుకున్నవాడు మొసలి పాలు, తెరిచి చెప్పినవాడు కొండ పాలు, చూసీ చూడలేదన్నవాడిదే మడుగు.

సరే, మీరూ ఆ ఒడ్డునే ఉన్నారుగా. ఇంతకీ ఏం చూశారు?