మా విమానం సర్వీసింగ్‌లో ఉంది

ఎగరని విమానమంత సుఖం ఈ లోకంలో ఇంకొకటి లేదని నేను ఘంటాపథంగా చెబుతున్నాను. కాదనేవాళ్లు ముందుకు రావచ్చు. అయితే వచ్చేముందు మీకు సొంత విమానం ఉందో లేదో ఒకసారి ఇంట్లో చూసుకుని రండి!

నాకు ఉంది. ఒక ఇంజను, నాలుగు సీట్లు, తలకు తగిలే ఎత్తులో రెండు రెక్కలు. సెకండ్ హ్యాండ్ అని అనలేను. నాకు ముందు ఎన్ని చేతులు మారిందో దాని చరిత్ర రాసే పుస్తకానికే సరిగ్గా తెలియదు. నేను కొని రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో అది గాల్లో ఉన్నది పదకొండు గంటలు. మిగతా కాలమంతా షెడ్డులో మూతలు ఊడదీయించుకుని, ఇంజను బయటపెట్టుకుని, ఆస్పత్రి మంచం మీద చుట్టంలా పడి ఉంది.

మీరు జాలిపడతారని నాకు తెలుసు. ఆ జాలి మీ దగ్గరే ఉంచుకోండి!

ఎగిరే విమానం ఉన్నవాడి గతి ఎప్పుడైనా చూశారా? కోడి కూయకముందే లేవాలి. మబ్బుల వైపు అనుమానంగా చూడాలి. గాలి ఎటునుంచి వీస్తోందో కనుక్కోవాలి. రేడియోలో ఎవరో గడగడా ఏదో అంటే, అంతా అర్థమైనట్టు బదులివ్వాలి. అన్నిటికంటే ఘోరం, ఎక్కినవాడు మళ్లీ దిగాలి కూడా! నాకు ఈ పీడలేవీ లేవు. నేను తీరిగ్గా ఎనిమిదింటికి లేస్తాను. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ "మా విమానం సర్వీసింగ్‌లో ఉంది" అని చెబుతాను. అక్కడితో నా ఆ రోజు విమానయానం పూర్తవుతుంది.

ఆ మాటలో ఎంత హుందాతనముందో గమనించారా? కారు సర్వీసింగ్‌లో ఉందంటే చుట్టాలు వెంటనే "అయితే బస్సెక్కి రా" అంటారు. విమానం సర్వీసింగ్‌లో ఉందంటే మాత్రం "అలాగా..." అంటారు. మా తోడల్లుడైతే ఆ మాట విన్న ప్రతిసారీ కుర్చీలో కాస్త సర్దుకుని కూర్చుంటాడు.

ఇక భద్రత సంగతి. షెడ్డులో ఉన్న విమానానికి పిడుగు తగలదు, పక్షి తగలదు, కొండ తగలదు. తగిలేది ఒక్క నా నుదురే. రెక్క వెనక అంచు సరిగ్గా నా కనుబొమ్మల ఎత్తులో ఉంటుంది. రెండేళ్లలో పద్నాలుగుసార్లు తగిలి, నుదుటి మీద సన్నటి గీత మిగిల్చింది. విమానాలు నడిపేవాళ్లు ఆ గీతను చూడగానే నన్ను తమవాడిగా గుర్తుపట్టి తలాడిస్తారు. నేల మీద నిలబడే ఆ గౌరవం సంపాదించినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను!

ఇంతటి సుఖానికి మూలకారకుడు మా మెకానిక్. ఆయన్ను అందరూ లెక్కల మాస్టారంటారు. ఆయన ఏ బడిలోనూ పాఠాలు చెప్పలేదు. పనిముట్లు లెక్కపెడతారు. పొద్దున షెడ్డు తెరవగానే ఒకసారి, సాయంత్రం మూసేముందు ఒకసారి, మధ్యలో నాలాంటివాళ్లు వచ్చి వెళ్లిన ప్రతిసారీ ఒకసారి.

షెడ్డు గోడకు పెద్ద చెక్క బోర్డు ఉంది. దాని మీద ప్రతి పనిముట్టుకూ ఒక మేకు. మేకు వెనక, ఆ పనిముట్టు ఆకారంలోనే ఎర్రరంగు. స్పానర్ తీస్తే స్పానర్ ఆకారంలో ఎరుపు కనిపిస్తుంది. సుత్తి తీస్తే సుత్తి ఆకారంలో. సాయంత్రానికి ఎక్కడా ఎరుపు కనిపించకూడదు. కనిపించిందా, విమానం అంగుళం కదలదు. పనిముట్టు ఎక్కడుందో తెలియనప్పుడు అది విమానంలోనే ఉందనుకోవాలని మాస్టారి శాసనం. లోపల పడ్డ స్పానర్ గాల్లో జారి, తోకను తిప్పే తీగల్లో ఇరుక్కుంటే తోక తిరగదు. తోక తిరగకపోతే ఏమవుతుందని అడిగితే ఆయన నేల వైపు చూస్తారు.

నాలుగు నెలల కిందట ఏడాదికోసారి చేసే పెద్ద తనిఖీ జరిగింది. మాస్టారు విమానం పొట్ట కింద, రెక్కల కింద ఉన్న అరవై మూతలూ విప్పారు. ఎనిమిది స్పార్క్ ప్లగ్గులూ తీసి వరసగా నిలబెట్టారు. ఆయిల్ ఫిల్టర్ కోసి, మడతలు విప్పి, ఇనప రజను ఏమైనా మెరుస్తుందేమోనని కిటికీ దగ్గర పట్టి చూశారు. ముందున్న పంకా రెక్కకు గోరంత నొక్కు ఉంటే ఆకురాయితో పూటంతా రుద్దారు. అన్నీ బాగున్నాయి. "ఎగరొచ్చని ఎల్లుండి సంతకం పెట్టేస్తానండీ. అమ్మగారిని ఎక్కించుకుని హాయిగా తిరిగి రండి" అన్నారు.

అమ్మగారంటే మా ఆవిడ. నది సముద్రంలో కలిసే చోటును పైనుంచి చూడాలని ఆవిడ కోరిక. అందుకోసం నల్లకళ్లద్దాలు కొనుక్కుంది. గాలికి జుట్టు చెదరకుండా తలకు కట్టుకునే పట్టుగుడ్డ కూడా కొనుక్కుంది. తలుపులు మూసి ఉంటాయి, లోపలికి గాలి రాదని చెప్పాను. "గాలి కోసం ఎవరు కట్టుకుంటారండీ? ఫొటో కోసం" అంది.

ఆ సాయంత్రం బోర్డు మీద పొడుగు కాడ, దాని కొసన గుండ్రం, ఎర్రగా కనిపించాయి. తనిఖీ అద్దం లేదు!

పళ్ల డాక్టరు నోట్లో పెట్టే అద్దం చూశారు కదా, దానికి పెద్దన్న లాంటిది. ఇంజను వెనక సందుల్లో కంటికి అందని చోట్లు చూడటానికి వాడతారు. మాస్టారు మూడుసార్లు లెక్కపెట్టారు. నాలుగోసారి నా చేత లెక్కపెట్టించారు. తర్వాత చొక్కా చేతులు పైకి మడిచి, బిగించిన అరవై మూతల్లో మొదటిది విప్పారు.

అప్పుడు చూడాలి వైభోగం! సీట్లు బయటికొచ్చాయి. సీట్ల కింద తివాచీ బయటికొచ్చింది. తివాచీ కింద రేకు బయటికొచ్చింది. రెక్కకు చెవి ఆనించి, నన్ను కొస పట్టుకుని ఊపమన్నారు. తాడుకు అయస్కాంతం కట్టి, బావిలో చేద వెతికినట్టు తోకంతా వెతికారు. పాత యజమాని పెన్సిలు దొరికింది. ఎవరిదో హెయిర్‌పిన్ను దొరికింది. కాపురముంటున్న కందిరీగలు దొరికాయి. చివరికి తోక మూలలో ఒక స్క్రూడ్రైవర్ దొరికింది! పిడి మీద మరేదో షెడ్డు గుర్తు ఉంది. ఎన్నేళ్లుగా టికెట్టు లేకుండా ఊళ్లు తిరుగుతోందో పాపం. మాస్టారు దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, చచ్చిన ఎలుకను చూపించినట్టు నాకు చూపించారు.

"చూశారా సార్? ఇందుకే."

అద్దం పోకపోతే ఆ స్క్రూడ్రైవర్ బయటపడేదా? మీరే చెప్పండి! ఈ లెక్కన నెలకో పనిముట్టు పోగొట్టాలని చట్టం తెచ్చినా తప్పులేదు.

వెతికిన ప్రతిచోటా మాస్టారు సుద్దముక్కతో టిక్కు పెట్టి, పక్కన తేదీ వేశారు. మొదటి విడతకు తెల్లసుద్ద, రెండో విడతకు పసుపు, మూడో విడతకు నీలం. మూడు విడతలు పూర్తయ్యేసరికి నాలుగు నెలలు గడిచాయి. మా ఆవిడ కొన్న రకం కళ్లద్దాలు ఇప్పుడు ఎవరూ పెట్టుకోవట్లేదట. రోజూ సాయంత్రం "అన్నయ్యగారికి అద్దం దొరికిందా?" అని అడుగుతుంది. నేను నిట్టూరుస్తాను. ఊళ్లో ఎవరడిగినా "ఏం చేయమంటారు, మా మెకానిక్ తెమలడు" అంటాను. అందరూ నా ఓర్పును మెచ్చుకుంటారు.

అంతా ఇలా సవ్యంగా సాగుతుండగా, పోయిన వారం షెడ్డుకు వెళ్తే మాస్టారు స్టూలు మీద ఊరికే కూర్చుని ఉన్నారు. ఆయన్ను ఊరికే కూర్చుని ఉండగా చూడటం నాకదే మొదటిసారి.

"ఈ నెలాఖరుకి మానేస్తున్నానండీ" అన్నారు.

"ఏం మానేస్తున్నారు?"

"పని. లైసెన్సు తిరిగి ఇచ్చేస్తాను. ముప్ఫై నాలుగేళ్లలో ఒక్క పనిముట్టు పోగొట్టలేదు సార్. ఆ అద్దం నా చేత్తోనే మేకుకు తగిలించినట్టు గుర్తు. కానీ అక్కడ లేదు. అంటే నా బుర్ర నన్నే మోసం చేస్తోంది. ఇవాళ అద్దం. రేపు ఏ నట్టు బిగించానని అనుకుని వదిలేస్తానో! పైన నలుగురు మనుషులు ఉంటారు కదండీ."

ఆయన లేచి వెళ్లి బోర్డు ముందు నిలబడ్డారు. నేను తేలుకుట్టిన దొంగలా ఇంటికి వచ్చాను.

పాఠకులారా, ఇక్కడ మీకు చిన్న విషయం చెప్పాలి. అద్దం నా బల్ల సొరుగులో ఉంది.

అలా చూడకండి! ఎల్లుండి సంతకం పెట్టేస్తానని ఆయన అన్నప్పుడు నాకు భయం పట్టుకుంది. తను సంతకం పెట్టిన విమానంలో మొదటిసారి తనే పక్కసీట్లో కూర్చోవడం మాస్టారి పద్ధతి. కిందటేడు అలాగే కూర్చున్నారు. నేను విమానం దించాను. అది మళ్లీ లేచింది. మళ్లీ దించాను. మళ్లీ లేచింది. మూడోసారి దానంతటదే దిగింది. మాస్టారు కిందికి దిగి, చక్రాల దగ్గరికి వెళ్లి వంగారు. ఆ రోజు నుంచి నాకు కుర్చీలోంచి దిగాలన్నా భయమే. ఈ సంగతి ఎవరితోనైనా చెప్పగలనా? నుదుటి మీద గీత ఉన్న మనిషిని!

అందుకే చెయ్యి బోర్డు మీదికి వెళ్లింది. వారం రోజుల ముచ్చటే అనుకున్నాను. తర్వాత ఏ సీటు కిందో పడేస్తే ఆయనే చూసుకుంటారు కదా. కానీ పడేయడానికి చోటేది? సీట్లే లేవు! ఏ సందు చూసినా తెల్లటిక్కు, పసుపుటిక్కు, నీలంటిక్కు. అద్దం జేబులో పెట్టుకుని ఆ విమానం చుట్టూ ఎన్ని ప్రదక్షిణాలు చేశానో నాకే తెలుసు. ఇంత పద్ధతిగా వెతికే మనిషి దగ్గర దొంగతనం చేయడం నరకం. దొంగిలించిన వస్తువు తిరిగి పెట్టనివ్వరు.

మర్నాడు వెళ్లి అద్దం ఆయన చేతిలో పెట్టాను. జరిగింది చెప్పాను. తిడతారని కళ్లు మూసుకున్నాను. కళ్లు తెరిస్తే మాస్టారు అద్దాన్ని చొక్కా అంచుతో తుడుస్తున్నారు.

"అయితే నేను మేకుకు తగిలించాను" అన్నారు.

"తగిలించారు."

"నా బుర్ర బాగానే ఉంది."

"బంగారంలా ఉంది మాస్టారూ. పాడైంది నాది."

"హమ్మయ్య!" అని స్టూలు మీద కూలబడి, కళ్లు తుడుచుకుని, పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన ఆపేశారు. "మీరెందుకు నవ్వుతున్నారు? జేబులు చూపించండి" అన్నారు.

జేబుల్లో ఏమీ లేదు. అయినా అరవై మూతలూ మళ్లీ విప్పారు. "నాకు తెలియకుండా ఒక మనిషి ఇక్కడ చెయ్యి పెట్టాడు, ఎక్కడెక్కడ పెట్టాడో నాకేం తెలుసు?" అన్నారు. ఈసారి ఎర్రసుద్ద. తిరిగి బిగించేటప్పుడు ప్రతి స్క్రూ నా చేతికే ఇచ్చారు. బోర్డు పక్కన గోడ మీద నా కొలతలతో, పొట్టతో సహా, ఎర్రటి మనిషి ఆకారం గీశారు. చేతిలో పని లేనప్పుడల్లా నేను దానికి ఆనుకుని నిలబడాలి. సాయంత్రం పనిముట్లతో పాటు నన్నూ లెక్కపెడుతున్నారు.

మా ఆవిడకు చెప్పాను. ఆవిడ నెత్తి కొట్టుకుంది. "భయమేస్తోందని ఒక్క ముక్క చెబితే నేను పడవెక్కి చూసొచ్చేదాన్ని కదండీ! దానికోసం ఆ అన్నయ్యగారిని నాలుగు నెలలు ఏడిపిస్తారా?" అంది.

ఇంతకీ నా అసలు ఫిర్యాదు ఇదీ. విమానానికి అరవై మూతలు పెట్టారు. ఏడాదికోసారి అన్నీ విప్పి చూడాలని రూలు పెట్టారు. యజమానికి మాత్రం ఒక్క మూతా పెట్టలేదు. వాడు ఆలస్యమంతా మెకానిక్ వల్లేనని ఊరంతా చాటుతూ, చెయ్యి జేబులో పెట్టుకుని విమానం పక్కనే నిలబడి ఉంటాడు. వాణ్ణి విప్పి చూసే నాథుడే లేడు!

నిన్న మాస్టారు పుస్తకంలో సంతకం పెట్టారు. ఆదివారం పొద్దున ఎగురుతున్నాం. వెనకసీట్లో మా ఆవిడ, నా పక్కన మాస్టారు.

"మీరు ఎక్కకపోతేనేం మాస్టారూ? నాకు భయమేస్తోందని చెప్పాను కదా" అన్నాను.

"చెప్పారు కాబట్టే ధైర్యంగా ఎక్కుతున్నాను" అన్నారాయన, పుస్తకం మూస్తూ. "కిందటేడు మీరు ఈల వేసుకుంటూ ఎక్కారు. ఆ రోజు నేను పడ్డ భయం ఇంతవరకూ మా ఇంట్లో కూడా చెప్పలేదండీ."