ఆమోదం పొందిన మోకాళ్ళు

ఇంగ్లండులో మనిషి తన ఇంటి షెడ్డులో ఏమైనా తయారుచేసుకోవచ్చు. బీరు కాచుకోవచ్చు, పడవ కట్టుకోవచ్చు, ఓపికుంటే కొత్త మతం స్థాపించుకోవచ్చు. ప్రభుత్వం వచ్చి తలుపు తట్టదు. కానీ నాలుగు చక్రాల్నీ ఒక ఇంజన్నీ ఒకచోట చేర్చాడంటే మాత్రం, ఆ వస్తువుకి పదునైన అంచులు ఉన్నాయా లేవా అన్నది దేశ భద్రతకు సంబంధించిన ప్రశ్న అయిపోతుంది.

లెనర్డ్ త్రప్ ఈ సంగతి తెలిసే దిగాడు. లింకన్‌షైర్ జిల్లాలో ముప్పై ఏళ్ళు మురుగు కాలువల పటాలు గీసి రిటైరైన మనిషి కాబట్టి, నియమాలంటే అతనికి భయం లేదు, పైపెచ్చు కాస్త ఇష్టం కూడా. కారు విడిభాగాలుగా పదిహేడు అట్టపెట్టెల్లో వచ్చింది. తొమ్మిదేళ్ళు బిగించాడు. దానికి తలుపుల్లేవు, పైకప్పు లేదు, కిటికీల్లేవు, సీటు నేలకి తొమ్మిది అంగుళాల ఎత్తు. మామూలు కారు కొన్నవాడు వీటిని లోపాలంటాడు. లెనర్డ్ సభ్యుడిగా ఉన్న తూర్పు తీరపు తేలిక కార్ల సంఘంలో వీటినే గుణాలంటారు.

ఆ సంఘంలో ఆస్తి అంటే లేకపోవడమే. ఎవడి కారులో ఎంత తక్కువ సామాను ఉంటే వాడికంత గౌరవం. కార్యదర్శి డెన్నిస్ టనిక్లిఫ్ బరువు తగ్గించడం కోసం బ్రేకు పెడలుకి కన్నాలు పెట్టాడు, హ్యాండ్ బ్రేకుకి పెట్టాడు, చివరికి తాళంచెవికి కూడా పెట్టాడు (ప్రతి సమావేశంలోనూ పంది మాంసం కూరిన రొట్టెలు, పోర్క్ పైలు, రెండు తింటాడు, వాటికి మాత్రం పెట్టలేదు). వానలో గొడుగు పట్టుకొచ్చిన సభ్యుణ్ణి అక్కడ జబ్బు మనిషిని చూసినట్టు చూస్తారు.

లెనర్డ్ భార్య బెరిల్‌కి బరువుల గొడవ పట్టలేదు. మొదటి పెట్టె విప్పిన రోజే ఆమె ఒక మాట అనేసింది. "అది కదిలిన రోజున పక్క సీట్లో నేనుంటా. నీ మీద నమ్మకంతో కాదులే. నువ్వొక్కడివే సముద్రపు గట్టు చూసొస్తే నాకు కడుపు మండుద్ది." అప్పట్లో ఆమె కంచె దూకగలిగేది. కారు తయారవుతున్న తొమ్మిదేళ్ళలో ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి. జూన్ పంతొమ్మిదిన రెండు మోకాళ్ళూ మార్చడానికి ఆసుపత్రి వాళ్ళు తేదీ ఇచ్చారు. ఆ తర్వాత ఆర్నెల్లు కుర్చీ కన్నా కిందికి కూర్చోకూడదని, ఆపైన సంగతి చూద్దామని డాక్టరు చెప్పాడు. డాక్టర్ల 'చూద్దాం' అంటే ఏమిటో బెరిల్‌కి తెలుసు. ఆ రాత్రి అన్నం తిన్నాక లెనర్డ్ గోడ మీది క్యాలెండరు దించి పంతొమ్మిది చుట్టూ సున్నా చుట్టాడు.

ఇక మిగిలింది పరీక్ష ఒక్కటే. స్వయంకృత వాహనాల పరీక్షా కార్యాలయం వారి నియమావళి నాలుగు వందల పన్నెండు పేజీలు. దాని సారాంశం ఒక బంతి. కర్రకి గుచ్చిన ఆ బంతి మానవ శరీరానికి అధికారిక ప్రతినిధి. పరీక్షాధికారి దాన్ని కారంతా తిప్పుతాడు. అది తాకిన ప్రతి అంచూ గుండ్రంగా అయినా ఉండాలి, రబ్బరు తొడుక్కొని అయినా ఉండాలి. (బంతికి తగలని చోట కత్తులు బిగించుకున్నా అభ్యంతరం లేదు.)

ఇందుకోసం సంఘం దగ్గర ఒక రబ్బరు పెట్టె ఉంది. బోల్టులకి తొడిగే టోపీలు, అంచులకి అంటించే పట్టీలు, రెండుగా కోసిన ఒక టెన్నిస్ బంతి అందులో ఉంటాయి. పరీక్ష ముందు రోజు సభ్యుడు వాటిని కారుకి తొడుగుతాడు, పాసయ్యాక దారిలో మొదటి మలుపు దగ్గర ఆపి పీకేసి, తర్వాతి సభ్యుడికి అందిస్తాడు. ఇరవై ఆరు కార్లు ఈ పెట్టెతోనే పాసయ్యాయి. అంటే ఆ జిల్లా మొత్తానికి రోడ్డు భద్రత ఉన్నది ఒక్క పెట్టెడే, వంతులవారీగా వాడుకోవాలి. పరీక్షాధికారి ఆర్మరాడ్ గారికి ఆ టోపీలు ముఖపరిచయం. అంచు కొరికినట్టున్న ఒక టోపీని తాను పదకొండోసారి ఆమోదిస్తున్నానని ఆయనే ఒకసారి చెప్పాడట. పరీక్ష రోజున అది ఎక్కడుందన్నదే ఆయన ఉద్యోగం, మర్నాడు ఎక్కడుంటుందన్నది వేరే విభాగం.

సంఘం ఆచారం ప్రకారం లెనర్డ్ కారుని ట్రెయిలర్ మీద ఎక్కించుకొని వెళ్ళాడు. ఏప్రిల్‌లో పరీక్ష పోయింది, హీటరు మీటకి అంచు ఉందట. (హీటరు లేదు, మీట ఒక్కటే ఉంది.) మళ్ళీ అలాంటి మాట పడకూడదని మేలో కనబడ్డ ప్రతిదానికీ రబ్బరు తొడిగాడు. ఈసారి రబ్బరు అడ్డమొచ్చి వెనక దీపం రెండు మిల్లీమీటర్ల మేర కనబడలేదని పోయింది. మూడోసారి పరీక్షకి జూన్ పదహారు ఇచ్చారు. ఆ రోజు పాసైనా, రిజిస్ట్రేషన్ నంబరు చేతికి రావడానికి ఎనిమిది వారాలు పడుతుంది. నంబరు లేకుండా బండి రోడ్డెక్కకూడదు. లెనర్డ్ వేళ్ళ మీద రెండుసార్లు లెక్కపెట్టుకొని, సంఘం సమావేశంలో మొహం వేలాడేసుకొని కూర్చున్నాడు. తొమ్మిదేళ్ళు మీనమేషాలు లెక్కించానని, ఆ ప్రయాణమేదో బెరిల్‌కి మోకాళ్ళున్నప్పుడే చెయ్యాల్సిందని అన్నాడు.

డెన్నిస్ రెండో పోర్క్ పై తినడం పూర్తిచేసి మూతి తుడుచుకున్నాడు.

"చట్టం సరిగ్గా చదివావా లెన్? నంబరు లేని బండి రోడ్డెక్కకూడదు, ఒక్క పరీక్షకి పొయ్యేటప్పుడూ వచ్చేటప్పుడూ తప్ప."

"నేను ట్రెయిలర్ మీద తీసుకెళ్తున్నాగా."

"అదే నీ తెలివితక్కువతనం. పక్కన బెరిల్‌ని కూర్చోబెట్టుకొని నడుపుకుంటూ పో. పరీక్షకే పోతున్నావా అని అడుగుద్ది చట్టం. ఏ దారిన పోతున్నావని అడగదు."

జూన్ పదహారు ఉదయం బెరిల్‌ని కార్లోకి దించడానికి ఐదుగురు సభ్యులు, ఒక చెక్క పలక, ఇంజను దించడానికి వాడిన పట్టీలు, పద్నాలుగు నిమిషాలు పట్టాయి. ఇంజను దించడమే సులువని డెన్నిస్ అన్నాడు. "దానికి కింద దుప్పటి పరిచారంట. నాకు అదీ లేదా?" అంది బెరిల్ గాల్లో వేలాడుతూ. దుప్పటి బరువని ఎవరో సణిగారు గానీ, మొత్తానికి పరిచారు.

పరీక్షా కేంద్రానికి దగ్గరి దారి పంతొమ్మిది మైళ్ళు. పటాలు గీసిన మనిషి కనుక లెనర్డ్ ముప్పై ఒక్క మైళ్ళ దారి గీసుకున్నాడు, అందులో పదకొండు సముద్రపు గట్టు వెంబడే. గాలికి బెరిల్ జుట్టంతా నిక్కబొడుచుకుంది, నోట్లోకి ఒక పురుగు పోయింది, మలుపు తిరిగినప్పుడల్లా రబ్బరు టోపీలు ఆమె మోచేతిని గౌరవంగా తాకాయి. ఆమె పగలబడి నవ్వింది. ఆ నవ్వు విని చాలా ఏళ్ళయిందని లెనర్డ్‌కి అప్పుడే తెలిసింది. అతనికి ఏడుపొచ్చినంత సంతోషమైంది. కళ్ళెందుకు తుడుచుకుంటున్నావని ఆమె అడిగితే గాలి మీదికి నెట్టేశాడు.

కేంద్రానికి చేరాక ఒక చిన్న సంగతి బయటపడింది. బెరిల్‌ని కార్లోకి దించినవాళ్ళు, పలక, పట్టీలు ఇంటి దగ్గరే ఉండిపోయాయి. ఆమె దిగలేదు.

ఆర్మరాడ్ గారు నియమావళి తిరగేశాడు. దిగడానికి వీలుకాని ప్రయాణికురాలి గురించి నాలుగు వందల పన్నెండు పేజీల్లో ఒక్క ముక్క లేదు. రెండు వందల ఏడో పేజీలో మాత్రం, పనిముట్లు లేకుండా విడదీయలేని ప్రతిదీ వాహనంలో భాగమేనని ఉంది. ఆయన నిట్టూర్చి బంతి తీసుకొని బెరిల్ మీద తిప్పాడు. చెవి కమ్మల దగ్గర బంతి ఆగింది. పెట్టెలోంచి రెండు టోపీలు తొడిగారు. మోకాళ్ళ దగ్గర ఆయన కాస్త ఎక్కువసేపు చూశాడు.

"ఇంతకన్నా గుండ్రంగా ఇంకేం కావాలయ్యా నీకు?" అంది బెరిల్.

గుండ్రంగానే ఉన్నాయని ఆయన రాసుకున్నాడు. తర్వాత కారుని ఉన్నది ఉన్నట్టుగా తూకం మీదికి ఎక్కించాడు. పెళ్ళయిన ముప్పై ఎనిమిదేళ్ళుగా బెరిల్ ఎవరికీ చెప్పని అంకె, కారు బరువుతో కలిపి ప్రభుత్వ ముద్రతో బయటికొచ్చింది. బండి పాసైంది. తిరుగు ప్రయాణం కూడా చట్టబద్ధమే కాబట్టి మళ్ళీ గట్టు మీదుగానే వచ్చారు. సంఘం వాళ్ళు ఆమెను పైకి తీసి, ఆమోద పత్రంలోని బరువు చూసి తమ నెత్తి మీది టోపీలు తీశారు. అంత బరువుతో పాసైన కారు సంఘం చరిత్రలో లేదు.

పంతొమ్మిదిన ఆపరేషను బాగా జరిగింది. లెనర్డ్ నిజాయితీపరుడు, అదే అతనితో వచ్చిన చిక్కు. ఆమోదం పొందాక ఏ భాగం మార్చినా పద్నాలుగు రోజుల్లో తెలియజేయాలని పత్రం వెనక ఉంది. రెండు మోకాళ్ళు మార్చామని, పాతవి ఎముకవి, కొత్తవి లోహానివని తెలియజేశాడు. వారం తిరక్కుండా జవాబొచ్చింది. ఆమోదం నిలిపివేయడమైనదని, సదరు భాగాలను వాహనంలో బిగించిన స్థితిలో తిరిగి పరీక్షకు హాజరుపరచాలని, ఏడాదిలోగా జరగకపోతే ఆమోదం శాశ్వతంగా రద్దవుతుందని అందులో ఉంది. లెనర్డ్ ఆ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆసుపత్రికి వెళ్ళి, మంచం పక్కన కూర్చొని, తప్పు చేసినవాడిలా చదివి వినిపించాడు.

"అంటే మళ్ళీ పరీక్షకి పోవాలా?" అంది బెరిల్.

"పోవాలి."

"నడుపుకుంటూనా?"

"నడుపుకుంటూనే."

"గట్టు మీదుగా?"

అతను తలూపాడు. ఆ మధ్యాహ్నం పట్టుకు నడిచే వాకరు తెమ్మని బెరిల్ తనంతట తానే అడిగింది.

వ్యాయామం చేయించడానికి ఇమోజెన్ అనే అమ్మాయి వచ్చింది. రోగి ఏం చేయగలగాలని కోరుకుంటున్నారో ఫారంలో రాసుకోవాలి, అది నిబంధన. నేలకి తొమ్మిది అంగుళాల ఎత్తున కూర్చోవాలని, ముప్పై ఒక్క మైళ్ళ పాటు లేవకూడదని బెరిల్ చెప్పింది. ఇమోజెన్ ఫారం రెండు వైపులా వెతికింది. మంచం, కుర్చీ, మెట్లు, మరుగుదొడ్డి అని నాలుగే గడులున్నాయి. చాలాసేపు ఆలోచించి, వీటిలో అన్నిటికన్నా దగ్గరగా ఉన్న దాంట్లో టిక్కు పెట్టి, పక్కన ఎత్తు రాసింది. అలా లెనర్డ్ త్రప్ తొమ్మిదేళ్ళు కష్టపడి కట్టింది ప్రభుత్వ ఆసుపత్రి రికార్డుల్లో మరుగుదొడ్డిగా నమోదైంది. ఆ హోదాలో అది ఏ పరీక్షా లేకుండా, మొదటిసారే ఆమోదం పొందింది.