పదకొండు గంటల పులి

పొద్దున ఏడింటికి ఫణీంద్ర వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేయాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, పదకొండింటికి పంజగుట్టలో ఇంటర్వ్యూకి కూర్చోవాలి. మైత్రీవనంలో ఆరు నెలలు జావా నేర్చుకున్నాడు. రెండు ఇంటర్వ్యూల్లో నోరు పిడచకట్టుకుపోయి తన పేరు కూడా సరిగ్గా చెప్పలేకపోయాడు. ఈ మూడోదీ పోతే ఏలూరు రైలెక్కి, బాబాయి ఎరువుల కొట్లో కూర్చోవాల్సిందే.

చొక్కా తొడుక్కోబోతుంటే గుండె డప్పు కొట్టింది. మెడ దురద పెట్టింది. గోకాడు. అద్దంలో చూసుకుంటే మెడ నుంచి బొడ్డు దాకా ఎర్రటి దద్దుర్లు, ఒక్కొక్కటి అప్పడమంత.

సరిగ్గా అప్పుడే నీళ్ల మోటారు గురించి చెప్పడానికి ఇంటి ఓనరు రుద్రమ్మ గుమ్మంలోకి వచ్చింది. చూసింది. రెండు చేతులూ జోడించింది.

"తల్లీ, మా ఇంటికే వచ్చినవా," అని, ఫణీంద్ర వైపు తిరిగింది. "బిడ్డా, నీకు అమ్మవారు పోసింది. తొమ్మిది దినాలు గడప దాటొద్దు."

"అమ్మవారు కాదండీ. నాకు పదకొండింటికి ఇంటర్వ్యూ ఉంది."

"తల్లి కంటె పెద్ద ఇంటర్వ్యూ ఏముంటది?"

బయట గడియ పెట్టి, వాకిట్లో వేపచెట్టు నుంచి కొమ్మలు విరిచి గేటుకు కట్టింది.

వేపకొమ్మ కట్టిన ఇంటికి ఎవరొస్తారు? టిఫిన్ తెచ్చే మెస్సు మనిషి గేటు దగ్గరే వెనుదిరిగాడు. పక్క గదుల్లో ఉండే ఎనిమిది మందీ చాపలు చంకన పెట్టుకుని, గోక్కుంటూ యూసుఫ్‌గూడ వైపు పరుగెత్తారు. ఆ అడుగుల చప్పుడు విన్నకొద్దీ ఫణీంద్రకి కొత్త దద్దుర్లు లేచాయి. రుద్రమ్మ కిటికీలోంచి చూసి, "తల్లి ఇంకింత విచ్చుకుంటున్నది" అని గేటుకు ఇంకో కొమ్మ కట్టింది.

కింది వాటాలో డాక్టర్ చక్రపాణి గారి క్లినిక్కు. తొమ్మిదిన్నర దాటినా ఒక్క రోగీ రాలేదు. ఏమా అని బయటికొచ్చి చూస్తే గేటు పెళ్లిపందిరిలా ఉంది.

"ఏంటిది రుద్రమ్మగారూ, నా రోగులంతా ఎటెళ్లారు?" అంటూ పైకెక్కి గడియ తీయించారు. ఫణీంద్ర ఒళ్లు తడిమి చూశారు.

"జ్వరం లేదు, నీటిపొక్కు ఒక్కటీ లేదు. దేనికయ్యా భయపడుతున్నావు?"

"ఇంటర్వ్యూకండీ."

"అదీ సంగతి. ఎదురుగా ఉన్నది పులో ఇంటర్వ్యూనో ఒంటికి తెలీదయ్యా. పరుగెత్తమని గుండెను దడదడలాడిస్తుంది. రోగాల్ని తరమడానికి లోపల కాపలావాళ్లుంటారు చూడు, కొందరికి వాళ్లూ కర్రలు పట్టుకుని లేస్తారు. దొంగ దొరకడు. సొంత ఊరినే బాదుతారు. ఆ వాతలే ఇవి. ఎవరికీ అంటవు. ఈ మాత్ర వేసుకుని వెళ్లు."

రుద్రమ్మ ఒక్క షరతు మీద దారి వదిలింది. "డాక్టర్ సాబ్ మాట డాక్టర్ సాబ్‌దే. జేబుల గీ వేపకొమ్మ పెట్టుకొని పో."

షేర్ ఆటోలో అతని మెడనీ జేబునీ చూసి, ఎక్కిన ఐదుగురూ అమీర్‌పేట చౌరస్తా దాటకముందే దిగిపోయారు. డ్రైవరు మిగిలిన దారంతా తల బయటపెట్టి నడిపి, పది నిమిషాల ముందే పంజగుట్టలో దించాడు.

ఇంటర్వ్యూ గదిలో మేనేజరు రాఘవేందర్ బయోడేటా చూడలేదు. వేపకొమ్మ చూశాడు.

"తమ్మీ, అమ్మవారా?"

"కాదు సార్. భయం."

నోరు ఎండిపోయేలోగా డాక్టరు గారి మాటలన్నీ గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాడు. పులి, కాపలావాళ్లు, కర్రలు, అన్నీ.

రాఘవేందర్ లేచి తలుపు మూశాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. మోచేతుల దాకా అప్పడాలే.

"రేపు అమెరికోళ్లకు ప్రాజెక్టు చూపెట్టాలె. మూడు దినాల సంది గిట్లనే ఉన్నది. ఇంట్ల చిన్నపిల్ల ఉన్నది, అంటుకుంటదేమోనని ఆఫీసులనే పండుకుంటున్న. ఎవరికీ అంటదంటవా? జర ఇంకోసారి చెప్పు."

ఫణీంద్ర మళ్లీ చెప్పాడు. మూడోసారి చెప్పేసరికి రాఘవేందర్ చేతులు మామూలు చేతులయ్యాయి. ఇంటికి ఫోన్ చేసి, పాప చేత రెండు ముక్కలు మాట్లాడించుకుని, కళ్లు తుడుచుకున్నాడు.

"సోమవారం సంది రా తమ్మీ. కోడ్ ఎవడైనా రాస్తడు. ప్రతి ప్రాజెక్టు డెలివరీ దినం నా పక్కన నువ్వుండాలె."

ఆ మాటతో ఫణీంద్ర మెడ మీద ఆఖరి దద్దురు కూడా సద్దుమణిగింది. నోట్లో నీళ్లూరాయి. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

అంతా తల్లి దయ అని రుద్రమ్మ గల్లీ గల్లీ చెప్పింది. వారం తిరిగేలోగా మైత్రీవనంలో జావా నేర్చుకునే ప్రతివాడి జేబులోనూ వేపకొమ్మ ఉంది. రుద్రమ్మ వాకిట్లో చెట్టుకు మాత్రం ఒక్క ఆకూ మిగల్లేదు.