ఆరడుగుల రైలు పట్టా

2006 వేసవిలో ఆ పొద్దున బర్నబాస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. షెడ్డు ముందున్న సిమెంటు దిమ్మ మీద ఆరడుగుల పట్టా బిగించడం, స్టేషనుకెళ్లి బొగ్గు గని ఇంజనీరు గారిని తీసుకురావడం, ఆయన చేత సరే అనిపించుకోవడం. బొగ్గు గనుల్లో భారీ క్రేన్లు పట్టాల మీదే నడుస్తాయి. ఆ పట్టాలను కదలకుండా పట్టి ఉంచే క్లిప్పులు తెనాలిలో, తన షెడ్డులో తయారవుతాయంటే ఎవరూ నమ్మరు. నమ్మించి తీరాలని బర్నబాస్ పంతం. ఈ ఆర్డరు గనక తప్పిపోతే షెడ్డు మూసేసి, మళ్లీ రైసు మిల్లులో ఫిట్టరుగా చేరాల్సిందే.

ఆఖరి నట్టు బిగిస్తుండగా ఎదురింటి జగన్నాథరావు గారు గోడ మీంచి తొంగిచూశారు. హెడ్మాస్టరుగా రిటైరయ్యాక ఆయన వీధినే బడిగా చూసుకుంటున్నారు.

"ఏంటి బర్నబాసూ, రైలు పట్టాలా ఉందే?"

"పట్టానే మాస్టారూ. ఇంజనీరు గారొచ్చి చూస్తారు. ఆయన సరేనంటే మిగతా రెండు కిలోమీటర్లూ మొదలే," అనేసి బర్నబాస్ స్కూటరెక్కాడు. ఆ రెండు కిలోమీటర్లూ ఎక్కడో మాత్రం చెప్పలేదు. అదిగో, అక్కడే కొంప మునిగింది.

వేరే పని మీద బాపట్ల వెళ్లిన ఇంజనీరు గారు అక్కణ్నుంచి రావాల్సిన బండి గంటన్నర ఆలస్యం. బర్నబాస్ బల్ల మీద కూలబడ్డాడో లేదో, కొత్తగా కొన్న సెల్లు మోగింది. భార్య కృపారాణి.

"ఏవండీ, వీధివాళ్లంతా వచ్చి మన పట్టా పీకేస్తున్నారండీ! మన ఇళ్ల మీంచి రేపల్లెకి కొత్త లైను వేస్తున్నారంట!"

"ఓసి నీ దుంపతెగ, అది క్రేను పట్టా అని చెప్పవే!"

"చెప్పానండీ. ఇళ్లు కూలగొట్టడానికి క్రేను కూడా వస్తోందంట అని ఇంకో పాతికమంది వచ్చారు."

బర్నబాస్ లేచి నిలబడ్డాడు. ఇంటికి పరిగెడితే, బండి దిగిన ఇంజనీరు గారు ఎవరూ రాలేదని వెనక్కి పోతారు. పరిగెత్తకపోతే ఆయనకు చూపించడానికి పట్టా మిగలదు.

"నువ్వెళ్లి పట్టా మీద కూర్చో. ఇంజనీరు గారు లేకుండా నేను రాను."

"కూర్చోడానికి చోటేదండీ? అంతా గునపాలే!"

అయినా అతను కదల్లేదు. బండి వచ్చింది, ఇంజనీరు సాంబశివరావు గారు దిగారు. ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని బర్నబాస్ స్కూటరును ఎలా నడిపాడో ఆ ప్రభువుకే తెలియాలి.

షెడ్డు ముందు అరవైమంది జనం. నాలుగు గునపాలు, ఒక లారీ జాకీ. అందరికంటే ముందు బనీనుతో మాస్టారు, "హైలెస్సా!" అంటున్నారు.

"ఆపండి!" అంటూ దూకబోయిన బర్నబాస్ చొక్కా పట్టుకుని వెనక్కి లాగారు సాంబశివరావు గారు.

"ఉండవయ్యా," అని వాచీ చూసుకుని, జనంలోకి వెళ్లారు. "మాస్టారూ, మధ్యలో కాదు, గునపం ఆ చివర క్లిప్పు కింద పెట్టండి. ఇంకొంచెం బలంగా!"

ఎవరో పెద్దమనిషి కలిసొచ్చాడని మాస్టారు రెట్టించిన ఉత్సాహంతో లాగారు. ఒక గునపం వంగింది. జాకీ జారి పక్కకు పడింది. పట్టా వెంట్రుకవాసి కదిలితే ఒట్టు.

"ఎంతసేపట్నుంచి పీకుతున్నారు?"

"రెండు గంటలైందండీ," అన్నారు మాస్టారు రొప్పుతూ.

ఇంజనీరు గారు మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో క్లిప్పూ కొలిచి చూసుకుని లేచారు. "బర్నబాసూ, మా గనికి రెండు కిలోమీటర్లకూ క్లిప్పులు నువ్వే పంపాలి."

బర్నబాస్ కళ్లు తుడుచుకున్నాడు. "గనికా?" అంటూ మాస్టారు దిమ్మ మీదే చతికిలబడ్డారు. కృపారాణి అరవైమందికీ మజ్జిగ కలపడానికి లోపలికెళ్లింది.

గని ఆఫీసుకు చేరిన రిపోర్టులో 'పరీక్షకు వాడిన యంత్రం' అన్న గడిలో ఇలా ఉంది: రిటైర్డ్ హెడ్మాస్టరు, ఒకటి.