గాడిదగారి ఆజ్ఞలు

నైలు డెల్టాలోని ఒకానొక పట్టణ సేవల శాఖ సంపూర్ణ డిజిటల్ యుగంలో అడుగుపెట్టినట్టు బుధవారం ఉదయం అధికారికంగా ప్రకటించారు. నివేదికలన్నిటినీ ఒకే జిప్ ఫైలుగా కట్టి గవర్నరుకు పంపే కోడు రాసింది శాఖ ఇంజనీరు ఇన్‌షిరాహ్. మీట నొక్కే కఠోర శ్రమను మాత్రం డైరెక్టరు వగ్దీ బే స్వయంగా భరించారు.

చప్పట్లయ్యాక ఇన్‌షిరాహ్ కోడు మళ్లీ చూసుకుని కొయ్యబారిపోయింది. ఏ ఫైలు తీసుకోవాలో చెప్పిందే గాని, జిప్ లోపల దానికి ఏ పేరుండాలో చెప్పలేదు. చెప్పకపోతే కోడు ఊరుకోదు. ఆ ఫైలు ఆమె కంప్యూటరులో ఏయే ఫోల్డర్లలో కాపురముందో ఆ పేర్లన్నీ వెంట మోసుకుపోతుంది. ఈ నివేదికలతో సహా వగ్దీ బే పురమాయించిన పనులన్నిటినీ ఆమె దాచుకునే ఫోల్డరు పేరు ‘గాడిదగారి ఆజ్ఞలు’.

"కొంప మునిగిందే రావియా! ఉద్యోగం ఊడినట్టే!"

పక్క బల్ల రావియా పప్పూ అన్నం కలిపిన కుషరీ గిన్నెలోంచి తలెత్తింది. "ఏడవకే పిచ్చిదానా. ‘గారు’ పెట్టావుగా, మర్యాదేం తప్పలేదు."

ఇన్‌షిరాహ్ కోడులో ఒక్క వరుస చేర్చి, లోపలి పేరును ‘నివేదికలు’గా మార్చి, జిప్‌ను మళ్లీ పంపింది. అంతలోనే పిలుపొచ్చింది.

వగ్దీ బే తలుపు మూసి గొంతు తగ్గించారు. "ఇంజనీరమ్మా, ఏం గుండె తల్లీ నీది! గవర్నరునే అంత మాట అనేశావే! ఇన్నాళ్లూ నా నోట రాలేదు."

ఆ గవర్నరు అది మంత్రిగారి గురించేనని పొట్టచెక్కలయ్యేలా నవ్వుకుంటున్నారు. మంత్రిగారు ఎవరిని అనుకున్నారో చెప్పడం శిక్షార్హమైన నేరం.

సవరించిన జిప్ మాత్రం తిరిగొచ్చింది: ‘గాడిద లోపించినందున అసలు ప్రతిగా గుర్తించలేము.’ ఇకపై శాఖలన్నీ ఆ పేరే వాడాలని ఉత్తర్వు వెలువడింది. విద్యాశాఖ తమది సీనియర్ శాఖ కనుక ‘పెద్ద గాడిదగారు’ కావాలని పట్టుబట్టింది. వ్యవసాయశాఖ తమకు నిజమైన గాడిదలే ఉన్నాయని వాదించింది. హోదాలు తేల్చడానికి కమిటీ వేసి, ఇన్‌షిరాహ్‌ను నామకరణ సలహాదారుగా నియమించారు.

తొలి సమావేశంలో ఆమె ఉండబట్టలేక అడిగింది: "అయ్యా, లోపలి నివేదికలు ఎవరైనా చదివారా?"

"తొందరేముందమ్మా? ముందు పేరు తేలనీ," అంటూ వగ్దీ బే టీ గ్లాసు అందుకున్నారు.

తాగేనీళ్ల పైపుల్లో మురుగు కలుస్తోందన్నది ఆ నివేదికల సారాంశం. ఆయన్ననుకుని లాభమేముంది? ఇంతసేపూ పగలబడి నవ్విన మీరు మాత్రం, లోపల ఏముందని అడిగారా?